పదకొండో నంబరు గొంతు

కొబ్బరి పీచు మిల్లులో ఆడవాళ్ళ మాటలు రోజూ పొద్దున్నే బ్లెస్సీ చెవిలో పడతాయి. మామిడికుదురులో వాళ్ళింటి వరండాలో, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఒళ్ళో లాప్‌టాప్‌తో కూర్చుంటుంది. తండ్రి ఇశ్రాయేలు మేష్టారు పేపరు చదువుతూ మధ్యలో ఏదైనా అడిగితే చెయ్యెత్తి ఆగమంటుంది. మేష్టారు రిటైరైన మనిషి కాబట్టి ఆగుతారు.

హైదరాబాదులో ఒక సంస్థ చేయిస్తున్న పరిశోధన అది. కోనసీమ పీచు మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్ళలో కొందరిని ఎంచుకుని తలో ఫోనూ ఇచ్చి, అందులో 'మన మాట' అనే యాప్ వేశారు. సాయంత్రం గంట మోగుతుంది. "ఈ రోజు పనిలో ఏం జరిగింది? మీ మాటల్లో చెప్పండి" అని ఒక తియ్యటి గొంతు అడుగుతుంది. ఆకుపచ్చ గుండ్రం మీద వేలు నొక్కిపట్టి చెప్పాలి. వేలు తీస్తే ఆ మాట బ్లెస్సీ దగ్గరికి వచ్చేస్తుంది.

బ్లెస్సీ ఉద్యోగం, ఆ మాటల్లోంచి పేర్లు కోసెయ్యడం. మనిషి పేరు, ఊరి పేరు, మిల్లు పేరు, ఏది వినపడినా ఆ ముక్క వరకూ ఎంచి నొక్కితే అక్కడ చప్పుడు పోతుంది. తరవాత మిగిలిందంతా ఉన్నదున్నట్టు రాయాలి. దగ్గితే దగ్గిందని రాయాలి. "దగ్గు కూడా డేటానే బ్లెస్సీ" అంటుంది పరిశోధన నడిపే ఝాన్సీ మేడం. పీచు మిల్లు ఆడవాళ్ళ విషయంలో ఆ డేటాకి కరువు లేదు.

ఈ ఆడవాళ్ళెవరికీ యాప్‌లో పేర్లు ఉండవు, నంబర్లే. పదకొండో నంబరు సూర్యకుమారి. ఊరికి అవతల నాగదుర్గాప్రసాద్ గారి మిల్లులో పీచు ఎండబెట్టే పని. ఫోను ఇచ్చిన కొత్తలో ఆవిడ దగ్గర్నించి వచ్చినవన్నీ ఒకే తీరుగా ఉండేవి. "ఆయ్. బాగానే ఉందండి." అంతే. ఇంకో రోజు, "ఆయ్. పని జరిగిందండి." యజమాని అడిగితే చెప్పే జవాబే యాప్‌కీ చెప్పేది. ఇలాంటి నంబరుని తీసేసి ఇంకొకళ్ళని చేర్చుకుందామని ఝాన్సీ అన్నప్పుడు, బ్లెస్సీ వెళ్ళి సూర్యకుమారి పక్కన అరుగు మీద కూర్చుని చెప్పింది. "నాకు చెబుతున్నాననుకోకండి పిన్నిగారూ. మేడంగారికీ కాదు. గోడ అవతల మీ కాంతం వదిన ఉందనుకోండి. ఆవిడతో ఎలా చెబుతారో అలా చెప్పండి."

ఆ మాట పనిచేసింది. ఆ తరవాత పదకొండో నంబరు మాట్లాడితే బ్లెస్సీకి రాసి రాసి వేళ్ళు నొప్పి పుట్టేవి. కొబ్బరి డొక్కల లారీ ఆలస్యమైన రోజు, మెషీన్ దగ్గర మోటారు కాలిన వాసన, తడిపీచు బరువు, మధ్యాహ్నం కాంతం తెచ్చిన చింతచిగురు పప్పు, అన్నీ వచ్చేవి. గొంతులో ఒక జీర. మాట చివర కొంచెం పైకి లేచి ఆగిపోతుంది. ఒకసారి విన్నవాళ్ళు సంతలో వెనకనించి విన్నా పోల్చుకుంటారని బ్లెస్సీ అనుకునేది.

సోమవారం పొద్దున్న ఝాన్సీ ఫోను చేసింది. గురువారం అమలాపురంలో సమావేశం. లేబర్ డిపార్ట్‌మెంటు వాళ్ళు వస్తున్నారు, మిల్లు యజమానులు వస్తున్నారు. అక్కడ వినిపించడానికి ఒక్క ముక్క ఎంచింది.

"పదకొండు. నీళ్ళ గురించి చెప్పింది చూడు, అది. నిమిషం కూడా లేదు. నేను వింటూ వింటూ మధ్యలో ఆపేసి లేచిపోయాను."

బ్లెస్సీ కూడా ఆ ముక్క విన్న రోజు లాప్‌టాప్ మూసి లోపలికి వెళ్ళిపోయింది.

"ఆ మిల్లు ఓనరు గారు కూడా వస్తున్నారు కదా మేడం."

"రానీ. పేరు లేదు, ఊరు లేదు, మిల్లు లేదు. నువ్వే శుభ్రం చేశావు."

"గొంతుంది కదా మేడం."

ఝాన్సీ చెడ్డమనిషి కాదు. కాగితాల మీద అన్నీ సరిగ్గా ఉండాలనుకునే మనిషి, అంతే. "సమావేశాల్లో వినిపించడానికి ఒప్పుకుంటున్నానని ఆవిడ టిక్కు పెట్టింది బ్లెస్సీ. అయినా నీకు అనుమానంగా ఉంటే మళ్ళీ అడుగు. వద్దంటే తీసేస్తాను" అంది.

ఆ టిక్కు ఎలా పడిందో బ్లెస్సీకి తెలుసు. ఒప్పుకోలు పత్రం తనే చదివింది. ప్రతి వాక్యానికీ సూర్యకుమారి "ఆయ్" అంటూ వచ్చింది. చివర్న ఎక్కడ నొక్కాలో తనే చూపించింది. గోదావరి జిల్లాలో ఎదుటివాళ్ళు చదువుతూ ఉంటే మధ్యలో ఆయ్ అనకపోవడం అమర్యాద. అది ఒప్పుకోలైతే, పురాణం విన్నవాళ్ళందరూ ఏదో ఒకదానికి సంతకం పెట్టినట్టే.

సాయంత్రం వెళ్ళేసరికి సూర్యకుమారి పెరట్లో తలకి అంటిన పీచు పొట్టు దులుపుకుంటోంది. జుట్టు ముందుకి వేసుకుని, వంగి, పాత తువ్వాలుతో కొడుతుంటే ఎర్రటి పొట్టు కాళ్ళ చుట్టూ రాలుతోంది. భర్త ధర్మరాజు మస్కట్‌లో డ్రైవరు. అత్తగారు లోపల మంచం మీద. ఆవిడకి రెండు పూటలా ఒళ్ళు తుడిచి తిండి పెట్టాలి కాబట్టి, నడిచి వెళ్ళి వచ్చేంత దూరంలో పని ఒక్క ఈ మిల్లులోనే.

"రండి బ్లెస్సీగారండి. కుర్చీ తెస్తాను."

"వద్దు పిన్నిగారూ. ఇలా కూర్చోండి. మీ మాట ఒకటి వినిపిస్తాను."

తన ఫోన్లో పెట్టింది. సూర్యకుమారి తువ్వాలు భుజాన వేసుకుని, తన గొంతు తనే, ఎవరిదో విన్నట్టు వింది.

"పొద్దున్న పనిలోకి వచ్చే ముందు గుక్కెడు నీళ్ళు తాగుతానండి. మళ్ళీ ఇంటికెళ్ళేకే. దాహం లేక కాదండి. పొట్టు గొంతులోకి పోతుంటే దాహం వెయ్యకేం చేస్తాది. కుండ నిండా నీళ్ళుంటాయి, చల్లగా. దానేపు చూడను. తాగితే ఎక్కడికెళ్తామండి? వెళ్ళాలంటే తాళం అడగాలి. తాళం మగాళ్ళ దగ్గరుంటాది. అందరి ముందూ వెళ్ళి చెయ్యి చాపాలి. ఆ చెయ్యి చాపేకంటే ఎండిపోడవే నయవండి."

అయిపోయింది. సూర్యకుమారి తల కొంచెం దించుకుంది. "ఇంతలా చెప్పేసేనా" అంది.

గురువారం సంగతి బ్లెస్సీ చెప్పింది. ఎవరెవరు వస్తారో చెప్పింది. నాగదుర్గాప్రసాద్ గారు ముందు వరసలో కూర్చుంటారని కూడా దాచకుండా చెప్పింది.

"ఆయ్" అంది సూర్యకుమారి.

"ఆయ్ అంటే కుదరదు పిన్నిగారూ. వెయ్యమంటారా, వద్దంటారా? వద్దంటే తీసేస్తారు. మీకేం నష్టం లేదు, నాకూ లేదు."

సూర్యకుమారి రాలిన పొట్టుని కాలి వేలితో ఒక చోటికి జరిపింది. "పోయినేడు రమ్యశ్రీ అనే పిల్ల ఉండేదండి మా దగ్గర. ఎవరో టీవీ వాళ్ళు ఫోను ముందు పెడితే దుమ్ము గురించి నాలుగు ముక్కలు చెప్పింది. మర్నాటి నించి సుందరరావు మేస్త్రీగారు, ఇవాళ పని లేదమ్మా, రేపు చూద్దాం అన్నారు. ఆ రేపు ఇంకా రాలేదండి."

"అందుకే అడుగుతున్నాను."

"మా మిల్లు బాబుగారు అక్కడ కూచుంటారా? లేచెళ్ళిపోకుండా?"

"కూచుంటారు. మొదటి నించి చివరిదాకా వింటారు."

లోపల అత్తగారు పిలిచింది. వస్తన్నానత్తా అని ఇక్కణ్ణించే కేకేసి, సూర్యకుమారి కదల్లేదు. "పదకొండేళ్ళ నించీ చేస్తన్నానండి అక్కడ. ఆయన కారు దిగుతారు. ఏమ్మా బాగుందా పని అంటారు. ఆయ్ అంటాం. వెళ్ళిపోతారు. మంచాయనేనండి, కాదన్ను. కానీ ఎప్పుడూ నిలబడి వినలేదు." చీర కొంగు దోపుకుంది. "పని పోతే పోద్ది. వెయ్యండి."

"ఆలోచించుకుని రేపు చెప్పినా..."

"వెయ్యమన్నాను కదండీ" అంది సూర్యకుమారి. ఆ గొంతులో అండీ ఉంది గాని మర్యాద లేదు. బ్లెస్సీ లేచి చెప్పులు వేసుకుంది.

గురువారం అమలాపురంలో హోటలు హాలు ఏసీ చల్లదనానికి గడ్డకట్టింది. అందరి ముందూ మంచినీళ్ళ సీసాలు పెట్టారు. ముందు వరసలో నాగదుర్గాప్రసాద్ గారు తెల్ల చొక్కా వేసుకుని, భుజానికి చిన్న సంచీ తగిలించుకుని, వచ్చినవాళ్ళందరినీ పలకరిస్తున్నారు. బ్లెస్సీని చూసి, "ఇశ్రాయేలు మేష్టారి అమ్మాయివి కదమ్మా? నాకు లెక్కలు ఆయనే చెప్పేరు. వచ్చింది మాత్రం లేదు" అని గట్టిగా నవ్వారు. బ్లెస్సీ నవ్వలేకపోయింది. ఆ మనిషి మంచివాడు కాకపోతే బాగుండుననిపించింది.

ఝాన్సీ తెర మీద బొమ్మలు చూపించింది. పీచు బేళ్ళు, ఎండలో పరిచిన పీచు, ఆడవాళ్ళ చేతులు. ముఖాలు ఎక్కడా లేవు. "ఇప్పుడు ఒక గొంతు విందాం. ఈమె పేరు మనకి తెలీదు" అంది.

బ్లెస్సీ గోడ పక్కన, ఆయన ముఖం కనపడే చోట నిలబడింది. లాప్‌టాప్ తీగ పట్టుకునే నెపం ఒకటి ఉంది.

పొద్దున్న పనిలోకి వచ్చే ముందు, అని మొదలయ్యింది గొంతు. హాలంతా నిండిపోయింది. పెద్ద స్పీకర్లలో ఆ జీర ఇంకా స్పష్టంగా ఉంది. నాగదుర్గాప్రసాద్ గారు మొదటి మాటకే తలెత్తారు. అయిపోయింది, గుర్తుపట్టేశారు అనుకుంది బ్లెస్సీ. ఆయన కళ్ళజోడు తీశారు. కుండ దగ్గరికి వచ్చేసరికి పెదవులు బిగించారు. చెయ్యి చాపేకంటే అన్నప్పుడు కళ్ళు మూసుకున్నారు. అంతా అయ్యాక కూడా వెంటనే తెరవలేదు.

తరవాత చెయ్యెత్తి మైకు అడిగారు.

"మా అమ్మ కూడా డొక్కలు ఒలిచిందండి" అన్నారు. గొంతు వణికింది. నిజంగానే వణికింది. "ఇది ఏ మిల్లో నాకు తెలీదు. మీరు చెప్పరు, రూల్స్ ఉంటాయి. కానీ ఆ యజమాని ఇక్కడే ఉంటే సిగ్గుపడాలి. మా మిల్లులో రెండేళ్ళ క్రితమే బాత్రూమ్ కట్టించేను, టైల్స్‌తో సహా. మేడంగారూ, మీరొక్క పని చేసిపెట్టండి. ఆ తల్లికి చెప్పండి, ఆ మిల్లు మానేసి మా మిల్లుకి రమ్మనండి. రేపే రమ్మనండి. పని నేనిస్తాను. ఇందరి ముందు చెబుతున్నాను."

చప్పట్లు మోగాయి. లేబర్ ఆఫీసరు కూడా కొట్టాడు. ఝాన్సీ కళ్ళు తుడుచుకుంది. మర్నాడు తన మిల్లు చూడ్డానికి రమ్మని నాగదుర్గాప్రసాద్ గారు అక్కడికక్కడే ఆవిణ్ణి పిలిచారు.

బ్లెస్సీ తీగ వదిలేసి కుర్చీలో కూలబడింది. బతికిపోయాం అనుకుంది. కాసేపటికి ఆ మాట నోట్లో చేదుగా అనిపించింది. ఎందుకో మొదట తెలియలేదు. పదకొండేళ్ళు. ఆయన విన్నదంతా ఆయ్ ఒక్కటే. ఆ ఒక్క ముక్కలో గొంతు ఎంత పడుతుందని?

ఆ సాయంత్రం సూర్యకుమారి ఇంటి ముందు రోడ్డు మీదే నిలబడి ఉంది. రోజంతా మిల్లులో, ఎవరైనా వచ్చి ఇవాళ్టికి చాలు వెళ్ళమంటారేమోనని చూసిందట. మేస్త్రీకి ఫోను మోగినప్పుడల్లా ఆవిడ చేతిలో పీచు ఆగిపోయిందట. ఇదంతా కాంతం చెప్పింది. కాంతం అరుగు మీద కూర్చుని ఉంది, ఏ కబురైనా తనూ వినాలని.

"భయం లేదు పిన్నిగారూ. ఆయన గుర్తుపట్టలేదు" అంది బ్లెస్సీ, స్కూటీ ఆపకముందే.

"హమ్మయ్య" అంది కాంతం.

సూర్యకుమారి మాత్రం, "సగంలో లేచెళ్ళిపోయేరా?" అంది.

"లేదు. చివరిదాకా విన్నారు. కళ్ళు చెమర్చాయి కూడా."

"చివరిదాకా విన్నారు." ఆవిడ ఆ మాటని తిరగేసి చూసుకుంది. "నేనని తెలీలేదు."

మిగిలింది కూడా చెప్పక తప్పలేదు. ఆ తల్లిని మా మిల్లుకి రమ్మనండి, రేపే పనిస్తాను అన్న ముక్క వినగానే కాంతం పకపకా నవ్వింది. "ఇంకేంటే, ఒకే మిల్లులో రెండు ఉద్యోగాలు! అదృష్టం అంటే నీదే" అంది. నవ్వి నవ్వి దగ్గొచ్చి ఆగింది. చూస్తే సూర్యకుమారి కళ్ళలో నీళ్ళు. రమ్యశ్రీలా పని పోయుంటే కూడా ఆవిడ ఇంత బాధపడేది కాదు. దానికి నాలుగు రోజుల నించి సిద్ధపడే ఉంది. దీనికి సిద్ధపడలేదు.

"అత్తకి అన్నం పెట్టాలి" అని లోపలికి వెళ్ళిపోయింది. సాయంత్రం గంట మోగింది లోపల. ఈ రోజు పనిలో ఏం జరిగింది, అని తియ్యటి గొంతు అడిగింది. ఎవరూ జవాబు చెప్పలేదు.

మర్నాడు మిల్లు వాకిట్లో నాగదుర్గాప్రసాద్ గారే కారు డోరు తీసి ఝాన్సీని దింపారు. వెనకాల స్కూటీ మీద బ్లెస్సీ. నంబర్లున్నవాళ్ళు ఎదురుపడితే తెలియనట్టు ఉండాలన్నది పరిశోధన నియమం కాబట్టి ఆమె నేలచూపులు చూస్తూ నడిచింది.

ఆయన అన్నీ చూపించారు. తడిపిన డొక్కల గుట్ట, వాటిని నమిలి పీచుగా ఉమ్మేసే మెషీన్, పక్కన ఎర్రటి పొట్టు కొండ. వాకిలి పొడుగునా ఆడవాళ్ళు బారుగా నిలబడి కర్రలతో పీచు ఎగరేసి తిప్పుతున్నారు. ముక్కులకి గుడ్డలు. షెడ్డు గట్టున మట్టికుండ, దాని మీద మూత, మూత మీద స్టీలు గ్లాసు బోర్లించి ఉంది. కొత్తదానిలా మెరుస్తోంది. షెడ్డు వెనక తెల్లటి టైల్స్‌తో బాత్రూమ్. దానికి తాళం వేసి ఉంది. "శుభ్రంగా ఉంటుందని వేస్తామండి" అన్నాడు సుందరరావు మేస్త్రీ. అతని మొలతాడుకి తాళాలు వేలాడుతున్నాయి.

ఝాన్సీ ఆ తాళం వైపు ఒకసారి, బ్లెస్సీ వైపు ఒకసారి చూసింది. అది ఏ మిల్లో ఆమెకి అప్పుడు అర్థమైంది.

నాగదుర్గాప్రసాద్ గారు ఆడవాళ్ళ బారు ముందు ఆగి, "ఏమ్మా, పని బాగుందా?" అన్నారు.

"ఆయ్" అన్నారంతా.

ఒక్క గొంతు తగ్గింది. అది తెలిసినవాళ్ళకి తప్ప తెలియదు. ఆయన అప్పుడే మెషీన్ వైపు తిరిగారు.

"బాబుగారండీ."

సూర్యకుమారి కర్ర కింద పెట్టింది. ముక్కుకి కట్టుకున్న గుడ్డ విప్పి నడుముకి చుట్టుకుని, పీచు తొక్కకుండా పక్కనించి నడిచి వచ్చింది. సుందరరావు, "ఏంటమ్మా, పని చూసుకో" అంటూ రెండడుగులు వేశాడు.

"నిన్న అమలాపురంలో ఎవరికో పనిస్తానన్నారంటండి" అంది సూర్యకుమారి.

ఆయన ముఖం వెలిగింది. "అన్నానమ్మా. అప్పుడే ఇక్కడిదాకా వచ్చిందా కబురు? నీకు తెలిసినావిడా?"

"ఆ పనికి నేనొచ్చేనండి."

"నువ్వు మన మిల్లులోనే ఉన్నావు కదమ్మా" అన్నారాయన, నవ్వుతూనే.

"ఉన్నానండి." అంతవరకూ చేతులు కట్టుకునే నిలబడింది. ఇప్పుడు వదిలేసింది. "పొద్దున్న పనిలోకి వచ్చే ముందు గుక్కెడు నీళ్ళు తాగుతానండి. మళ్ళీ ఇంటికెళ్ళేకే."

నవ్వు ఆయన ముఖం మీద ఇంకా కాసేపు ఉంది, దాన్ని అక్కడ పెట్టినవాడు మరిచిపోయి వెళ్ళినట్టు. తరవాత పోయింది. ఆయన సూర్యకుమారిని చూశారు, షెడ్డు వెనక్కి చూశారు, సుందరరావు మొల వైపు చూశారు. లోపలెవరో మోటారు ఆపినట్టున్నారు, మెషీన్ మూలుగుతూ నెమ్మదించింది. బారులో కర్రలన్నీ ఆగి ఉన్నాయి. ఏదైనా అనాలంటే ఇప్పుడే అనాలి. కానీ నిన్న మైకు పట్టుకుని ఇచ్చిన పనిని ఇవాళ వాకిట్లో తీసెయ్యడం ఎంతటివాడికైనా కష్టమే.

"నీ పేరేంటమ్మా?" అన్నారు చివరికి. గొంతు చాలా చిన్నగా వచ్చింది.

"సూర్యకుమారండి."

బ్లెస్సీ బొటనవేలు అలవాటుగా కదిలింది. కోసెయ్యడానికి చేతిలో ఏమీ లేదు.

నాగదుర్గాప్రసాద్ గారు సుందరరావు వైపు అరచెయ్యి చాపారు. మేస్త్రీకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక మొలతాడు ముడి ఊడక అవస్థపడ్డాడు. ఆ చెయ్యి మాత్రం అందరి ముందూ చాపే ఉంది.

తాళం కోసం సూర్యకుమారి ఆగలేదు. షెడ్డు గట్టు దగ్గరికి వెళ్ళింది. గ్లాసు తీసి, మూత పక్కన పెట్టి, కుండలో ముంచి తాగింది. నిలబడి, ఎవర్నీ చూడకుండా, మొత్తం తాగింది. మళ్ళీ ముంచింది. రెండోది తాగుతుంటే వెనకాల కాంతం వచ్చి గ్లాసు కోసం నిలబడింది.